హాఫ్ ఫ్రేమ్ కొనాలంటే: పెన్ ఈఈ-3నా, పెన్ ఎస్సా?

"అన్నా, హాఫ్ ఫ్రేమ్ ఒకటి తీసుకుందామనుకుంటున్నా, ఏది తీసుకోమంటావ్?" ఈ మధ్య వారానికి ఒకరైనా అడుగుతున్నారు. కారణం తెలిసిందే. రోలు ధర, కడిగించే ఖర్చు, స్కాన్ ఖర్చు కలుపుకుంటే షట్టర్ నొక్కిన ప్రతిసారీ జేబు తడుముకోవాల్సి వస్తోంది. హాఫ్ ఫ్రేమ్ కెమెరా ఫిల్మ్ మీద ఒక ఫోటో పట్టే చోట రెండు తీస్తుంది. 36 ఫోటోల రోల్లో 72 వస్తాయంటే ఆశ పుట్టడం సహజం. ఒక్కొక్కరికీ ఫోన్లో అదే కథ చెప్పి చెప్పి అలసిపోయాను కాబట్టి ఇక్కడ రాసేస్తున్నాను. ఫ్రేమ్ 18×24 మిల్లీమీటర్లే, మామూలు ఫ్రేమ్‌లో సగం, అందుకే కెమెరాను మామూలుగా పట్టుకుంటే ఫోటో నిలువుగా వస్తుంది.

అడిగేవాళ్ల నోట మామూలుగా నాలుగు పేర్లు వినిపిస్తాయి: ఒలింపస్ పెన్ ఈఈ-3, పెన్ ఎస్, పెన్ ఎఫ్‌టీ, కానన్ డెమి. బడ్జెట్ మాట వచ్చేసరికి చాలామంది మొదటి రెండింటి దగ్గర ఆగిపోతారు. నేను ముందు ఈఈ-3 కొన్నాను, నిరుడు పెన్ ఎస్‌కి మారాను. అంటే నా మొగ్గు ఎటో మీకు ఇప్పటికే తెలిసిపోయింది. అయినా ఈఈ-3కి అన్యాయం చేయకుండా చెప్పడానికి ప్రయత్నిస్తాను.

అందరూ మొదట అడిగేది లెన్స్ షార్ప్‌గా ఉంటుందా అని. ఉంటుంది. రెండింటిలోనూ ఉన్నది డి.జుయికో లెన్సే. ఆ డి అక్షరానికి అర్థం లోపల నాలుగు గాజు ముక్కలున్నాయని. ఈఈ-3లో 28 ఎంఎం ఎఫ్ 3.5, పెన్ ఎస్‌లో 30 ఎంఎం ఎఫ్ 2.8 (ఎఫ్ పక్కన అంకె తగ్గేకొద్దీ లెన్స్ రంధ్రం పెద్దదవుతుంది, వెలుతురు ఎక్కువ పడుతుంది). పోస్ట్‌కార్డ్ సైజు ప్రింట్లు పక్కపక్కన పెడితే ఏది దేనితో తీసిందో నేనే చెప్పలేను. పెద్ద ప్రింటు వేస్తే రెండింటిలోనూ గ్రెయిన్, అంటే ఫిల్మ్ మీది సన్న చుక్కలు, కనిపిస్తుంది. ఫిల్మ్ సగమే వాడాం మరి.

నేను చూసేది ఇంకొకటి. యాభై అరవై ఏళ్ల వయసున్న వస్తువు కొంటున్నాం. ఇందులో ముందుగా పోయేది ఏది? అది పోయాక కూడా కెమెరా పని చేస్తుందా? నాకు ఇది తెలిసొచ్చింది సఖినేటిపల్లి రేవులో.

వశిష్ఠ గోదావరి మీద సఖినేటిపల్లి నుంచి నరసాపురం వెళ్లే పంటు ఎక్కాను. మిట్టమధ్యాహ్నం. బైకులు, అరటి గెలలు, కొబ్బరి బోండాలు, గొడుగు పట్టుకుని కూర్చున్న ఒక పెద్దావిడ. ఆవిడ వెనక నీళ్ల మీద ఎండ తళతళలాడుతోంది. ఈఈ-3 తీసి నొక్కాను. వ్యూఫైండర్‌లోకి ఎర్ర నాలుక లేచింది. వెలుతురు చాలదని ఈ కెమెరా చెప్పే తీరు అది. ఆ నాలుక లేస్తే షట్టర్ పడదు. నెత్తి మాడిపోయే ఎండలో నిలబెట్టి చీకటిగా ఉందంటోంది! వేలు కాని మీటరు మీద పడిందేమోనని చూశాను. లేదు. మళ్లీ నొక్కాను, మళ్లీ నాలుక. పంటు అవతలి ఒడ్డు చేరేలోపు నాకు అర్థమైంది, సెలీనియం సెల్ పోయింది.

ఈఈ-3 లెన్స్ చుట్టూ బుడిపెల అద్దంలా కనిపించేదే ఆ సెల్. వెలుతురు పడితే కాస్త కరెంటు పుడుతుంది, దానితో లోపలి ముల్లు కదులుతుంది, ఆ ముల్లును బట్టి కెమెరా అపర్చర్, అంటే లెన్స్ రంధ్రం సైజు, ఎంచుకుంటుంది. షట్టర్ స్పీడ్ కూడా సెకనులో 1/40 వంతు, 1/200 వంతు రెంటిలో ఒకటి అదే చూసుకుంటుంది. బ్యాటరీ గొడవ లేదు. ఫోకస్ గొడవ అసలే లేదు, అది కంపెనీలోనే బిగించేసిన ఫిక్స్‌డ్ ఫోకస్. మనిషి ఒకటిన్నర మీటర్ల అవతల ఉంటే చాలు. 1961లో మొదటి ఈఈ వచ్చినప్పుడు జనం ఎగబడింది ఇందుకే. 1973లో వచ్చిన ఈఈ-3 కూడా అదే పద్ధతి, కాకపోతే ఫ్లాష్‌కి హాట్ షూ ఉంటుంది, ఐఎస్‌ఓ (ఫిల్మ్ వెలుతురును పట్టే వేగం) 400 దాకా పెట్టుకోవచ్చు. పని చేస్తున్నంతకాలం ఇంత హాయైన కెమెరా ఇంకోటి లేదు. మా అక్క చేతికిస్తే ఒక్క ప్రశ్న కూడా వేయకుండా పెళ్లింట్లో రోలంతా తీసిపెట్టింది. నేను తీసినవాటికంటే అవే బాగొచ్చాయి కూడా.

కానీ ఆ సెల్ ఎప్పుడు పోతుందో తెలియదు. వాడకపోయినా పోవచ్చు. లోపలికి తేమ చేరినా, తీగలు తుప్పు పట్టినా అంతే. మన కోస్తా గాలిలో ఆ రెండింటికీ కొదవ లేదు. బాగుచేయించాలంటే ఇంకో ఈఈ నుంచి సెల్ పీకి పెట్టాలి, అదీ అంతే వయసుది.

సెల్ పోయిన ఈఈ-3ని పారేయాలా అంటే, అక్కర్లేదు. లెన్స్ చుట్టూ ఉన్న రింగుని 'A' (ఆటో) గుర్తు నుంచి తప్పించి ఏదో ఒక ఎఫ్ నంబర్ దగ్గర పెడితే నాలుక లేవదు, షట్టర్ పడుతుంది. ఫ్లాష్ కోసం పెట్టిన ఏర్పాటు అది. షట్టర్ స్పీడ్ మాత్రం 1/40 ఒక్కటే. ఐఎస్‌ఓ 100 ఫిల్మ్ వేసి, ఎండలో ఎఫ్ 22 పెడితే ఎక్స్‌పోజర్ దాదాపు సరిపోతుంది. కాస్త ఎక్కువైనా కలర్ నెగెటివ్ తట్టుకుంటుంది. ఆ రోజు తిరుగు ప్రయాణంలో, అదే పెద్దావిడ మళ్లీ పంటులో ఉంటే, అలాగే తీశాను. రంగులు బాగానే వచ్చాయి. కాకపోతే 1/40లో పంటు కదిలింది, నేను కదిలాను, పెద్దావిడ గొడుగు కదిలింది. ఎనిమిది ఫోటోల్లో నిలబడినవి రెండే.

ఇక పెన్ ఎస్. కథ చిన్నదే. యోషిహిసా మైతాని అనే కుర్ర ఇంజినీరుకి ఆరు వేల యెన్‌లకు అమ్మగలిగే కెమెరా చేయాలన్నది లక్ష్యం. డబ్బంతా లెన్స్ మీద పెట్టి మిగతాచోట్ల తగ్గించాడు. 1959లో మొదటి పెన్ వచ్చింది, జేబులో పెన్నులా పెట్టుకు తిరగొచ్చని ఆ పేరు. దానికి షట్టర్ స్పీడ్‌లు నాలుగే. 1960లో వచ్చిన ఎస్‌కి 1/8 నుంచి 1/250 దాకా ఆరు, పైన బి (నొక్కినంతసేపూ షట్టర్ తెరిచే ఉంటుంది). లైట్ మీటర్ లేదు. సెల్ లేదు. బ్యాటరీ లేదు. పోవడానికి అందులో ఏముందని!

"మీటర్ లేకపోతే ఎలా?" అని అడగని వాళ్లు లేరు. ఆగ్ఫా క్లిక్-3తో మన నాన్నల తరం ఇంటి ఆల్బమ్‌లు నింపింది మీటర్ లేకుండానే. పైగా మన ఎండ చాలా నమ్మకమైనది. ఫిబ్రవరి నుంచి మే దాకా పొద్దున తొమ్మిదికీ మధ్యాహ్నం మూడింటికీ ఫిల్మ్‌కి పెద్ద తేడా తెలియదు. ఐఎస్‌ఓ 200 రోలు వేస్తే ఎండలో 1/250, ఎఫ్ 11. మబ్బు పడితే 1/125, ఎఫ్ 8. అరుగు మీద, చెట్టు నీడలో 1/125, ఎఫ్ 5.6. ఇంట్లో కిటికీకి కాస్త దగ్గర్లో 1/30, ఎఫ్ 2.8 పెట్టి గోడకి ఆనుకుని ఊపిరి బిగబట్టడమే. కాస్త ఎక్కువ వెలుతురు వైపే మొగ్గాలి, నెగెటివ్ ఫిల్మ్ ఎక్కువైతే ఓర్చుకుంటుంది కానీ తక్కువైతే ఓర్చుకోదు. ఇంకా భయమైతే ఫోన్లో మీటర్ యాప్ ఉండనే ఉంది. మొదటి రోలుకి నేనూ వాడాను. రెండో రోలు సగంలో మానేశాను.

ఫోకస్ అంచనాతో తిప్పుకోవాలి. దీనికీ భయపడక్కర్లేదు. లెన్స్ చిన్నది కాబట్టి ఎఫ్ 8 దగ్గర మూడు మీటర్లకు పెట్టి వదిలేస్తే, సుమారు రెండు మీటర్ల నుంచి ఆరు మీటర్ల దాకా అన్నీ సరిగ్గా పడతాయి. వీధిలో నడుస్తూ తీసేదంతా ఆ దూరంలోనే ఉంటుంది. ఎఫ్ 2.8 దగ్గర మాత్రం దెబ్బ తింటాం. మా పెద్దమ్మ ముఖం అనుకుని ఆవిడ వెనకున్న మిక్సీని అద్భుతంగా తీసిన ఫోటో నా దగ్గరుంది. దగ్గరి మనుషుల్ని బాగా తీయాలంటే ఈఈ-3 కంటే ఇదే నయం. అక్కడ ఫోకస్ తిప్పే వీలే లేదు కదా.

పెన్ ఎస్‌కి లోపాలు లేవని కాదు. అపర్చర్ అంకెలు చదవాలంటే కళ్లజోడు కావాలి. వెనక తలుపు తెరుచుకోదు, మొత్తం ఊడి చేతిలోకి వస్తుంది. రోలు మార్చేటప్పుడు దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక పళ్లతో పట్టుకున్న సందర్భాలున్నాయి. రోలు వేశాక కౌంటర్ మనమే తిప్పుకోవాలి, మరిచిపోతే ఎన్ని మిగిలాయో దేవుడికే తెలియాలి. ఈఈ-3లో ఈ రెండూ సరిచేశారు. తలుపు బందు మీద తెరుచుకుంటుంది, కౌంటర్ దానంతటదే మొదటికి వస్తుంది.

కొనేటప్పుడు ఏం చూడాలో చెప్తాను. ఈఈ-3 అయితే అరచేత్తో సెల్ మూసి నొక్కండి, నాలుక లేవాలి. ఆరుబయట నొక్కండి, లేవకూడదు. ఇంతటితో ఆగిపోతారు చాలామంది. నాలుక లేవనంత మాత్రాన మీటర్ సరిగ్గా ఉన్నట్టు కాదు. వెనక తెరిచి, ఎండ వైపు ఒకసారి, గది మూల వైపు ఒకసారి పెట్టి నొక్కుతూ లెన్స్‌లోంచి చూడండి. ఎండలో రంధ్రం సూదిమొనంత అవ్వాలి, గదిలో పెద్దదవ్వాలి. రెండుచోట్లా ఒకేలా ఉంటే వదిలేయండి. పెన్ ఎస్ అయితే 1/8 దగ్గర పెట్టి పదిసార్లు నొక్కండి. షట్టర్ రేకులకు పాత నూనె అంటుకుంటే బద్ధకంగా తెరుచుకుంటాయి, ఒక్కోసారి అసలు మూసుకోవు. ఇది క్లీనింగ్‌తో పోయే జబ్బే, ధర మాత్రం తగ్గించి అడగండి. రెండింటికీ లెన్స్‌లోంచి టార్చ్ వేసి ఫంగస్ చూడటం మరవద్దు. సాలెగూడులాంటి గీతలు కనిపిస్తే వద్దనేయండి. మీరు కొన్నాక కూడా డబ్బాలో సిలికా జెల్ ప్యాకెట్లు పడేసి ఉంచండి.

పెన్ ఎఫ్‌టీ సంగతి. దీని మీద మోజు పడేవాళ్లను ఆపడం నా వల్ల కాదు, అంత అందంగా ఉంటుంది. 1963లో వచ్చిన పెన్ ఎఫ్‌కి మీటర్ చేర్చి 1966లో తెచ్చిన ఎస్‌ఎల్‌ఆర్ (లెన్స్‌లోంచే చూస్తూ తీసే కెమెరా) ఇది. ప్రిజం అడ్డంగా పెట్టడం వల్ల నెత్తి మీద మూపురం ఉండదు. టైటానియం రేకు గుండ్రంగా తిరిగే షట్టర్, 1/500 దగ్గర కూడా ఫ్లాష్ పని చేస్తుంది. లెన్సులు మార్చుకోవచ్చు. కానీ నా పాత ప్రశ్నే దీనికీ వేయండి. మీటర్ కోసం వెలుతురులో కొంత అద్దం దగ్గరే పక్కకు మళ్లిస్తారు, అందుకని వ్యూఫైండర్ పుట్టుకతోనే మసక. వయసుతో ఆ అద్దం పూత పాడైతే ఇంకా మసక. అది వాడే 1.35 వోల్టుల మెర్క్యురీ బ్యాటరీ ఇప్పుడు దొరకదు. మామూలు 1.5 వోల్టులది వేస్తే కొలత తప్పుతుంది. వినికిడి యంత్రాల షాపులో దొరికే 675 నంబర్ జింక్ ఎయిర్ సెల్‌ని ఒక రింగులో పెట్టి వాడుకోవచ్చు, కొన్ని వారాల్లో అయిపోతుంది. మీటర్ పోయినా షట్టర్ పడుతుంది, అది మంచి విషయమే. అలాంటప్పుడు మీటర్ లేని పెన్ ఎఫ్‌వీ, 1967 మోడల్, దొరికితే అదే తీసుకోండి, వ్యూఫైండర్ వెలుతురుగా ఉంటుంది. మన దగ్గర వీటి లోపలికి చెయ్యి పెట్టగల మెకానిక్ దొరకడం కష్టం. రిపేరు కోసం విదేశానికి పంపి, సుంకం కట్టి వెనక్కి తెప్పించుకునే ఓపిక ఉంటే సరే.

కానన్ డెమి, 1963ది, చేతికి నున్నగా, బొమ్మలా ఉంటుంది. వ్యూఫైండర్ సరిగ్గా లెన్స్ పైనే ఉంటుంది, అందులోంచి చూడటం పెన్‌ల కంటే హాయి. దీనిదీ సెలీనియం సెల్లే. మీటర్ ముల్లుకి గుర్తు కలిసేలా రింగు తిప్పితే స్పీడు, అపర్చర్ రెండూ కలిసి మారతాయి, విడివిడిగా పెట్టలేం. సెల్ పోయినా రింగు తిప్పి అంచనాతో తీసుకోవచ్చు కాబట్టి నా లెక్కలో ఈఈ-3 కంటే ఒక మెట్టు పైనే. మంచిది కనిపిస్తే కొనేయండి.

పెన్ డి కూడా అంతే, ఎఫ్ 1.9 లెన్స్, మీటర్‌కీ షట్టర్‌కీ సంబంధం లేదు. కాస్త బరువు, కాస్త ఖరీదు. రికో ఆటో హాఫ్, కానన్ డయల్ 35 స్ప్రింగ్ తిప్పి వాడే ముచ్చటైన బొమ్మలు, షోకేసుకి బాగుంటాయి. యాషికా సమురాయ్ నిండా ఎలక్ట్రానిక్స్, పోతే పోయినట్టే. కొడాక్ ఎక్టార్ హెచ్35, పెంటాక్స్ 17 కొత్తవి, ఈ లెక్కలోకి రావు.

కాబట్టి ఎవరికి ఏది? ఇంట్లో అందరి చేతులూ పడాలి, సెట్టింగుల టెన్షన్ వద్దు, సెల్ బాగున్నదని మీరే చూసి కొనగలరు అంటే ఈఈ-3. కొరియర్‌లో తెప్పించుకుంటున్నారు, అమ్మేవాడి మాట తప్ప ఆధారం లేదు అంటే పెన్ ఎస్. నేనైతే ఎదురుగా ఉన్నా పెన్ ఎస్సే తీసుకుంటాను.

ఒక్క మాట, ఏది కొన్నా ల్యాబ్‌కి ముందే హాఫ్ ఫ్రేమ్ అని చెప్పండి. చెప్పకపోతే రెండేసి ఫోటోలు కలిపి ఒకటిగా స్కాన్ చేస్తారు. అది కొందరికి నచ్చుతుంది, నాకూ కొన్నిసార్లు నచ్చింది. కత్తిరించడం దగ్గరే అసలు ప్రమాదం. ఒక ల్యాబ్‌లో కుర్రాడు అలవాటు ప్రకారం నెగెటివ్‌ని లెక్కపెట్టి కోశాడు. గొడుగు పెద్దావిడ ఫోటోల్లో నిలబడినవి రెండే అన్నాను కదా, కత్తెర ఆ రెండోదాని మధ్యలోంచి వెళ్లింది. అప్పటినుంచి కోయొద్దని కవర్ మీద రాసిచ్చి, చుట్టను చుట్టలాగే తెచ్చుకుని ఇంట్లో నేనే కోసుకుంటున్నాను.