ఉద్యోగం మానేసి కోర్సా, చేస్తూనే కోర్సా?

కాల్ సెంటర్ నుంచో, బ్యాంకు సేల్స్ నుంచో ఐటీ వైపు మారాలనుకునే వాళ్లందరికీ ఇదే టెన్షన్.

ఖర్చు: మానేస్తే కోర్సు ఫీజు, ఎస్.ఆర్.నగర్ హాస్టల్ అద్దె, ఈఎంఐ అన్నీ దాచుకున్న డబ్బులోంచే. చేస్తూ నేర్చుకుంటే జీతం ఆగదు.

శ్రమ: మానేస్తే పొద్దున అమీర్‌పేటలో క్లాసు, మధ్యాహ్నమంతా ప్రాక్టీసు. చేస్తూ అయితే రాయదుర్గంలో మెట్రో ఎక్కి, నిలబడే ఇంటికొచ్చి, అప్పుడు ల్యాప్‌టాప్ తెరవాలి. ఒళ్లు హూనమవుతుంది.

రిస్కు: అసలు తేడా ఇక్కడే. ఖాళీగా ఉన్న నెలలు పెరిగేకొద్దీ కంగారు పుడుతుంది. సరిగ్గా అప్పుడే ఎవరో దొంగ ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఇప్పిస్తామంటారు. దయచేసి ఆ జోలికి పోకండి. యూఏఎన్ (ఉద్యోగులకిచ్చే పీఎఫ్ నంబరు) ఖాతాలో ఏ కంపెనీ ఎప్పుడు పీఎఫ్ కట్టిందో కనిపిస్తుంది. వెరిఫికేషన్‌లో దొరికితే వచ్చిన ఉద్యోగమూ పోతుంది. చేస్తూ వెతికేవాళ్ల చిక్కు నోటీసు పీరియడ్, అంటే రాజీనామా ఇచ్చాక కూడా పాత కంపెనీలో పనిచేయాల్సిన గడువు: అది 90 రోజులంటే కొన్ని కొత్త కంపెనీలు ఆగవు.

చేతిలో కనీసం 6 నెలల ఖర్చు ఉండి, నైట్ షిఫ్టు అసలు చదవనివ్వకపోతే మానేయండి. పిల్లల ఫీజులు మీ జీతం మీదే నడుస్తుంటే మానొద్దు. ముందు మీ ఆఫీసులోనే వేరే టీముకు మారే వీలుందేమో మేనేజర్‌ని అడగండి.