పాత బుల్లెట్ కరెంటు లోపాలకు మల్టీమీటరు, టెస్ట్ బల్బు: కొన్నేళ్ల వాడకం తర్వాత

ఉండి ఉండి కనిపించి మాయమయ్యే కరెంటు లోపాన్ని పట్టుకోవడానికి ఖరీదైన పనిముట్లు అక్కర్లేదు. కొన్ని వందల రూపాయల డిజిటల్ మల్టీమీటరు, బ్రేకు లైటు బల్బుతో ఇంట్లో తయారు చేసుకున్న టెస్ట్ ల్యాంపు, ఈ రెండింటితోనే నా బుల్లెట్ 350 వైరింగును కొన్నేళ్లుగా చూసుకుంటున్నాను. బండి తొంభైల నాటిది, 12 వోల్టులది, ప్లాటినం పాయింట్లతో (స్పార్కు కోసం కాయిల్ కరెంటును కలిపి తెంచే చిన్న స్విచ్చుతో) నడిచేది. హనుమకొండలో రోజూ తిరుగుతుంది, సెలవు దొరికితే ములుగు మీదుగా రామప్పకో లక్నవరానికో వెళుతుంది. ఈ రెండు పనిముట్లలో ఒక్కటే ఉంచుకోమంటే నేను బల్బునే ఉంచుకుంటాను. పాత బండ్లు నడిపేవాళ్లు చాలామంది మీటరు కొంటారు, తీగ తెగలేదని చెప్పే బీప్ వినగానే అది బాగుందని నమ్ముతారు, ఆ తర్వాత కాయిల్ (ప్లగ్గుకు స్పార్కు కరెంటు ఇచ్చేది) మొదలుకొని రెక్టిఫైయర్ (చార్జింగు కరెంటును డీసీగా మార్చేది) దాకా ఒక్కొక్కటే మార్చుకుంటూ డబ్బు పోగొట్టుకుంటారు. వాళ్ల కోసమే ఇంత వివరంగా రాస్తున్నాను.

నా బండికి వచ్చిన లోపం ఇలా ఉండేది. బయలుదేరిన కాసేపటి వరకు ఏ ఇబ్బందీ లేదు. ములుగు రోడ్డు మీద గతుకులు తగిలాక హారన్ నొక్కితే ఇంజన్ తడబడేది, దానికి తోడు బ్రేకు తొక్కితే హారన్ గొంతు పీలగా మారేది. ఇంటికి వచ్చి స్టాండు వేసి చూస్తే అంతా సవ్యంగానే ఉండేది. మీటరు పెడితే బ్యాటరీ 12.6 వోల్టులు చూపించింది. ఎర్త్ తీగకు, అంటే బ్యాటరీ నెగటివ్‌ను ఫ్రేముకు కలిపే తీగకు, ఆ చివర, ఈ చివర ప్రోబులు (మీటరు సూదులు) ఆనిస్తే బీప్ మోగింది, నిరోధం దాదాపు సున్నా. ఆ లెక్కన తీగలో లోపం లేనట్టే.

లోపం సరిగ్గా అక్కడే ఉంది. ఆ ఎర్త్ తీగ లగ్గులోకి (తీగ చివర బోల్టు కోసం ఉండే లోహపు ఉంగరంలోకి) దూరే చోట పైతొడుగు చెక్కుచెదరలేదు. లోపల మాత్రం రాగి పోగులు చాలావరకు తెగిపోయి, రెండో మూడో మిగిలాయి. వాటి మీదా పచ్చటి చిలుము. బీప్ పరీక్షలో మీటరు పంపే కరెంటు ఒక మిల్లీ ఆంపియరో, అంతకన్నా తక్కువో ఉంటుంది. దానికి ఒక్క పోగు చాలు. హారన్, బ్రేకు లైటు, కాయిల్ మూడూ కలిసి లాగే ఆంపియర్లకు ఆ పోగులు చాలవు. అందుకే నిలబడి ఉన్న బండిలో తీగ మంచిదిగానూ, రోడ్డు మీద అదే తీగ చెడ్డదిగానూ కనిపిస్తుంది.

దాన్ని బయటపెట్టింది వోల్టేజి డ్రాప్ పరీక్ష, అంటే తీగ దారిలో ఎన్ని వోల్టులు పోతున్నాయో చూడటం. మీటరును 20 వోల్టుల డీసీ మీద పెట్టాలి. నల్ల ప్రోబును బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ సీసానికే ఆనించాలి, దాని మీద బిగించిన లగ్గుకు కాదు. ఎర్ర ప్రోబును ఇంజన్ మీద పెయింటు లేని చోట ఆనించాలి. ఇగ్నిషన్ ఆన్ చేసి హారన్, బ్రేకు రెండూ నొక్కి పట్టి, ఎవరినైనా తీగను మెల్లగా కదపమనాలి. ఎర్త్ బాగుంటే మీటరు 0.1, 0.2 వోల్టుల దగ్గరే ఉంటుంది. నా బండిలో అది 0.3 నుంచి ఒక్క ఉదుటున 2 దాటింది. ఉన్న 12 వోల్టుల్లో రెండు దారిలోనే పోతుంటే ఇంజన్ తడబడదా మరి! కొత్త తీగ, కొత్త లగ్గు వేసి, ఫ్రేము మీద బోల్టు కూర్చునే చోట పెయింటు గీకి బిగించాను. ఆ తడబాటు మళ్లీ రాలేదు. బండికి కొత్తగా పెయింటు వేయించినవాళ్లు ఈ చోటును తప్పకుండా చూసుకోవాలి. ఎర్త్ బోల్టు కింద పెయింటు పొర ఉంటే ఇదే తంతు.

మీటరు విలువ నాకు ఈ ఒక్క పరీక్షలోనే పూర్తిగా కనిపించింది. మిగతా చాలా చోట్ల బల్బుదే పైచేయి. నేను వెళ్లే పెద్దాయన, హనుమకొండలో ఏళ్ల తరబడి ఆటో వైరింగ్ చేస్తున్న మనిషి, మీటరు ముట్టుకోరు. "బల్బు నిండుగా వెలిగితే కరెంటు వచ్చినట్టు తమ్మీ, ఎర్రగా వెలిగితే దారిలో ఎక్కడో అడ్డు పడినట్టు" అంటారాయన. అది అక్షరాలా నిజం. 21 వాట్ల బ్రేకు బల్బు 12 వోల్టుల మీద 1.75 ఆంపియర్లు లాగుతుంది. అంటే తీగ చేత నిజంగా పని చేయించి చూస్తుంది. దానికి కావలసింది ఒక హోల్డరు, పొడుగాటి తీగలు రెండు, వాటి చివర మొసలి క్లిప్పులు, అంతే.

ఫ్యూజు ఉండి ఉండి పోతున్న బండికి ఈ బల్బును మించిన పనిముట్టు లేదు. ఫ్యూజు తీసేసి, అది కూర్చునే చోటి రెండు కొనలకు బల్బును తగిలించాలి. లైట్లు, హారన్ అన్నీ ఆపి ఉంచినప్పుడు బల్బు నిండుగా వెలిగితే ఎక్కడో తీగ ఫ్రేముకు తగులుతోందని అర్థం. బల్బే కరెంటుకు హద్దు పెడుతుంది కాబట్టి తీగ కాలదు, ఫ్యూజులు తగలేయాల్సిన పనీ లేదు. ఇగ్నిషన్ ఆన్‌లో ఉంటే కాయిల్ లాగే కరెంటుకు కూడా బల్బు మసకగా వెలుగుతుంది. దాన్ని షార్ట్ అనుకోకూడదు, కిక్ కొద్దిగా నొక్కి పాయింట్లు తెరిస్తే ఆరిపోతుంది. ఇలా బల్బు తగిలించి నేను హ్యాండిల్ కుడికి తిప్పగానే అది భగ్గుమంది, ఎడమకు తిప్పితే ఆరింది. హెడ్‌లైటు డూములోకి వెళ్లే తీగల కట్ట హ్యాండిల్ మెడ దగ్గర ఒరుసుకుని, ఒక తీగ తొడుగు గోరంత మేర అరిగిపోయింది.

పాత బుల్లెట్ వాళ్లకు మూడో పనిముట్టు బండితోనే వస్తుంది. అదే అమ్మీటరు, బ్యాటరీలోకి, బయటికి పారే కరెంటును ముల్లుతో చూపించేది. ఇగ్నిషన్ ఆన్ చేసి, డీకంప్రెసర్ (సిలిండరులో ఒత్తిడి వదిలే మీట) నొక్కి, కిక్‌ను నెమ్మదిగా కిందికి తోయండి. పాయింట్లు మూసి ఉన్నప్పుడు ముల్లు మైనస్ వైపు ఒరగాలి, తెరుచుకోగానే మధ్యకు రావాలి. అసలు ఒరగకపోతే కాయిల్‌కు కరెంటు అందడం లేదు, లేదా పాయింట్ల మొహాలు మసిబారి కలవడం లేదు. ఒరిగి ఒరిగే ఉండిపోతే పాయింట్లు తెరుచుకోవడం లేదు, లేదా పాయింట్ల దగ్గర నిప్పురవ్వలు తగ్గించే కండెన్సరో దాని తీగో ఎర్త్ అవుతోంది. దారిలో బండి ఆగిపోయినప్పుడు తాళం తిప్పకముందే ముల్లు ఎటు ఉందో చూడండి. తాళం ఒకసారి తిప్పితే స్విచ్చిలోని లూజు కాంటాక్టు తనంతట తానే కలిసిపోయి, దొరకాల్సిన ఆధారం దొరకకుండా పోవచ్చు.

వేడెక్కితే ఆగిపోయి, చల్లారాక మామూలుగా నడిచే బండి విషయంలో మాత్రం మీటరు, బల్బు రెండూ పెద్దగా ఉపయోగపడవు. అక్కడ ముందు అనుమానించాల్సింది కండెన్సరును, అది చల్లగా ఉన్నప్పుడు మామూలు కొలతలకు చాలాసార్లు దొరకదు. మేలో ములుగు రోడ్డు పక్కన చెట్టు కింద నేను చేసే పని ఒక్కటే: మంచిదని తెలిసిన కండెన్సరును బయటి నుంచి క్లిప్పుతో తగిలించి, పాతదాని తీగ విడదీసి కిక్ కొట్టడం. పాయింట్ల దగ్గర పెద్ద నిప్పురవ్వలు తగ్గి బండి అందుకుంటే జవాబు దొరికినట్టే.

మీటరు లోపాలు కూడా చెప్పాలి. లోపలి 9 వోల్టుల బ్యాటరీ నీరసిస్తే ఈ చవక మీటర్లు అసలు కన్నా ఎక్కువ వోల్టేజి చూపిస్తాయి. 12.6 ఉన్న బ్యాటరీకి 14 చూపిస్తే చార్జింగు ఎక్కువైందని భయపడనక్కర్లేదు, ముందు మీటరు బ్యాటరీ మార్చండి. దానితో వచ్చిన ప్రోబు తీగలు పిడి దగ్గర లోపలే తెగుతాయి. వెతికే సాధనానికే వచ్చిపోయే లోపం ఉంటే ఆ రోజంతా వృథా, కాబట్టి మెత్తటి సిలికాన్ తీగలు వేరుగా కొనుక్కోవాలి. ఇంజన్ నడుస్తుంటే ప్లగ్గు స్పార్కుకు అంకెలు పిచ్చిగా గెంతుతాయి. రెసిస్టర్ ఉన్న ప్లగ్ క్యాపు వేశాక నా బండిలో అది చాలా తగ్గింది. చాలా చవక మీటర్లలో 10 ఆంపియర్ల రంధ్రానికి ఫ్యూజు ఉండదు. ప్రోబు అందులో ఉంచి బ్యాటరీకి ఆనిస్తే నేరుగా షార్టే.

ఇదంతా పాయింట్లతో నడిచే పాత బండ్లకే. సీడీఐ (పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ స్పార్కు), ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న బండ్లలో 21 వాట్ల బల్బును సెన్సర్ తీగలకు తగిలిస్తే లోపలి ఎలక్ట్రానిక్ భాగాలు కాలిపోవచ్చు. అక్కడ బల్బును ఫ్యూజు వరకు, హెడ్‌లైటు తీగల వరకు వాడండి, మిగతావి మీటరుతోనే చూడండి.