ఒక్క ముక్కు, నలభై ముక్కులు: బడిలో మాస్కు విషయంలో ఏది మేలు?

కరోనాతో మూతపడ్డ బడులు ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఆగస్టు 16న మళ్ళీ తెరిచారు. మా అబ్బాయి అప్పుడు రెండో తరగతి. ఆ ఉదయమే మా ఇంట్లో ఒక తగవు మొదలైంది. మా వదిన మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో టీచరు. మాస్కు లేని పిల్లలను గదిలోకి రానివ్వనని ఆవిడ పట్టు. ఏడేళ్ళ పిల్లాడు ఆగస్టు ఉక్కలో ఆరు గంటలపాటు మూతికి గుడ్డ కట్టుకుని ఎలా కూర్చుంటాడని నా పట్టు. మా వాడు వదిన బడిలో చదవడు కనుక ఈ తగవువల్ల ఎవరికీ నష్టం లేదు. అందుకేనేమో, మాస్కులన్నీ అటకెక్కాక కూడా అది హాయిగా సాగింది.

మొదటి వారంలోనే వదిన ఒక మాట అంది. "నీకు ఒక్క ముక్కే కనిపిస్తుందమ్మా. నాకు నలభై ముక్కులు కనిపిస్తాయి." అప్పుడు అది మాటకు మాట అనుకున్నాను. తర్వాత అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో, ఇంగ్లండులో ఇదే విషయం మీద తల్లిదండ్రులు, టీచర్లు ఎలా తగువులాడుకున్నారో చదివితే, గొడవంతా ఆ మాటలోనే ఉందనిపించింది. తల్లి తన బిడ్డను లెక్కిస్తుంది, టీచరు గదిని లెక్కిస్తుంది. బడి భాషలో చెప్పాలంటే లవం ఒకటే, హారం వేరు.

ముందు వదిన పక్షం, అంటే అందరికీ తప్పనిసరి అనే పద్ధతి. దీనికి దొరికే గట్టి సాక్ష్యం అమెరికాలో బోస్టన్ చుట్టుపక్కలది. మసాచుసెట్స్ రాష్ట్రం 2022 ఫిబ్రవరి 28న బడుల్లో మాస్కు నిబంధన ఎత్తేసింది. ఆ ప్రాంతంలోని 72 విద్యా జిల్లాల్లో 70 జిల్లాలు కాస్త ముందువెనకలుగా దాన్ని వదిలేశాయి. బోస్టన్, దాని పక్కనున్న చెల్సీ మాత్రం ఆ విద్యాసంవత్సరం ముగిసేదాకా ఉంచాయి. పరిశోధకులు 15 వారాలు లెక్కగడితే, వదిలేసిన చోట్ల విద్యార్థులు, సిబ్బంది కలిపి ప్రతి వెయ్యి మందికీ దాదాపు 45 కేసులు అదనంగా తేలాయి. ఇది ప్రయోగం కాదు, జరిగినదాన్ని చూసి వేసిన లెక్క. జిల్లాకూ జిల్లాకూ మధ్య వేరే తేడాలు కూడా ఉంటాయని విమర్శలు వచ్చాయి. అయినా కొట్టిపారేసే అంకె కాదు.

ఆ అంకెను వదిన నా ముందు పెట్టింది. నేను దాన్ని తిరగేసి చూపించాను: వెయ్యికి 45 అంటే నలభై మంది ఉన్న గదిలో పదిహేను వారాలకు ఇద్దరు కూడా లేరు. "ఆ ఇద్దరిలో ఒకరిని నేను కావచ్చుగా" అంది వదిన. ఆవిడకు యాభై దాటాయి, చక్కెర వ్యాధి ఉంది. బడులు తెరిచేనాటికి కరోనా రెండో దశ వచ్చి వెళ్ళి మూడు నెలలైనా సరిగ్గా కాలేదు. తమ పక్క గదిలో పాఠం చెప్పినవాళ్ళను పోగొట్టుకున్న టీచర్లు ఎందరో అప్పుడు మళ్ళీ సుద్దముక్క పట్టుకున్నారు. నేను నోరు మూసుకున్నాను, మాస్కు అవసరం లేకుండానే.

కానీ తప్పనిసరికి ఒక ఖరీదు ఉంది. అది జబ్బుల పట్టికల్లో కనిపించదు, ఒకటో తరగతి గదిలో వినిపిస్తుంది. మన పూర్వులు అక్షరాలను అవి నోట్లో పుట్టే చోటును బట్టి వరసపెట్టారు. క వర్గం గొంతు దగ్గర, త వర్గం పళ్ళ దగ్గర, ప వర్గం పెదవుల మీద. ప, ఫ, బ, భ, మ అనేవాటికి ఓష్ఠ్యాలని పేరు పెట్టింది అందుకే. పిల్లలు వీటిని సగం చెవితో, సగం కంటితో నేర్చుకుంటారు. టీచరమ్మ పెదవులు గట్టిగా కలిపి విడదీస్తే వాళ్ళూ అలాగే చేస్తారు. ఆ పెదవులు గుడ్డ వెనక ఉంటే బడి ఏదో, గడి ఏదో ఎలా తెలుస్తుంది? మాస్కు గొంతు తాలూకు గట్టిదనాన్ని పెద్దగా తగ్గించదు. సన్నని ధ్వనులను మాత్రం మింగేస్తుంది. కాబట్టి స, శ, ష కూడా దెబ్బతింటాయి, అసలే వాటి మధ్య తేడా అంతంతమాత్రంగా మిగిలింది. ఆ ఏడాది ఉక్తలేఖనం దిద్దుతూ తల పట్టుకున్నానని వదినే ఒప్పుకుంది. ఇక వినికిడి లోపం ఉండి, ఎదుటివారి పెదవుల కదలికను చూసి మాట పట్టుకునే పిల్లలకైతే మాస్కు వేసుకున్న టీచరు మూసిన పుస్తకమే.

ఇది మన ఒక్కరి బాధ కాదు. 2021 వసంతంలో ఇంగ్లండు విద్యాశాఖ అడిగించినప్పుడు, మాస్కులతో ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం కష్టంగా ఉందని సెకండరీ బడుల విద్యార్థుల్లో 80 శాతం మంది చెప్పారు. చదువే కష్టమైందన్నవాళ్ళు సగానికి పైగా ఉన్నారు. పిల్లలకూ తమకూ మధ్య మాటలు కష్టమయ్యాయని టీచర్లలో 94 శాతం మంది అన్నారు. ఆ విద్యార్థులంతా పదకొండేళ్ళు దాటిన, చదవడం రాయడం వచ్చిన పిల్లలు. అ ఆలు దిద్దే పిల్లలనెవరూ అడగలేదు. అడిగినా వాళ్ళు చెప్పలేరు.

నా పక్షానికి చట్టం రూపం వచ్చింది వర్జీనియాలో. 2022 జనవరి 15న గవర్నరుగా ప్రమాణం చేసిన రోజునే గ్లెన్ యంగ్‌కిన్ ఒక ఉత్తర్వు మీద సంతకం చేశారు. తమ బిడ్డకు మాస్కు వద్దనుకునే తల్లిదండ్రులు జనవరి 24 నుంచి కారణం చెప్పకుండానే వద్దనవచ్చు. ఫెయిర్‌ఫాక్స్, ఆర్లింగ్టన్, రిచ్‌మండ్‌తో కలిపి ఏడు విద్యా బోర్డులు కోర్టుకెక్కాయి. ఫిబ్రవరి 4న న్యాయమూర్తి ఆ బోర్డుల వరకు ఉత్తర్వును తాత్కాలికంగా ఆపారు. ఫిబ్రవరి 16న శాసనసభ చేసిన చట్టం మీద గవర్నరు సంతకం పడింది, మార్చి 1 కల్లా అన్ని బడులూ దారికి రావాలన్నారు. నెలన్నరలో మూడు మలుపులు. ఉత్తర వర్జీనియాలో ఉండే మా పిన్ని కూతురు రోజూ పొద్దున్నే బడి నుంచి వచ్చిన ఈమెయిలు చూసుకుని పిల్ల సంచిలో మాస్కు పెట్టేదట.

"మీ ఇష్టం" అనే పద్ధతిలో నాకు నచ్చేది ఒకటుంది. ఆయాసం ఉన్న పిల్ల, మాస్కు తడి తగిలితే మూతి చుట్టూ పొక్కులు లేచే పిల్లాడు, ఎవరేం తట్టుకోగలరో అమ్మకు తెలిసినట్టు సర్క్యులర్‌కు తెలియదు. అయితే ఈ పద్ధతి కింద ఒక తప్పు లెక్క దాగి ఉంది. స్వెట్టరు వేసుకుంటే చలి ఆగేది వేసుకున్నవాళ్ళకే. మాస్కు అలాంటిది కాదు. ముఖ్యంగా గుడ్డ మాస్కు, సర్జికల్ మాస్కు పెట్టుకున్నవాడిని కాపాడేది కొంత, వాడి నోటి నుంచి పక్కవాళ్ళను కాపాడేది ఎక్కువ. నా ఇష్టం తాలూకు ఫలితం పక్క బెంచీ మీద పడుతుంది. వర్జీనియాలోనే క్యాన్సరు, తీవ్రమైన ఉబ్బసం లాంటి జబ్బులున్న 12 మంది పిల్లల తల్లిదండ్రులు ఆ చట్టం తమ బిడ్డలను బడికి దూరం చేస్తోందని ఫెడరల్ కోర్టుకు వెళ్ళారు. అలాంటి పిల్లల చుట్టూ ఉన్నవారు మాస్కు పెట్టుకోవాలని ఆ బడులు అడగవచ్చని 2022 మార్చిలో న్యాయమూర్తి చెప్పారు. అందరి ఇష్టానికీ వదిలేసిన చట్టం పన్నెండు మంది దగ్గర వంగక తప్పలేదు. దీన్ని చదివాక నా వాదంలో నాకే పదును తగ్గింది.

అన్నట్టు మా పిన్ని మనవరాలు చట్టం వచ్చాక కూడా మే నెల దాకా మాస్కు తీయలేదు. జాగ్రత్త కోసం కాదు, పళ్ళకు వేసిన క్లిప్పులు కనబడకూడదని. ఎవరి ఇష్టాలు ఎక్కడి నుంచి వస్తాయో గవర్నర్లకేం తెలుసు!

మూడోది వయసును బట్టి పోయే పద్ధతి. ఇంగ్లండు ప్రాథమిక బడుల పిల్లలకు మాస్కు చెప్పనేలేదు. సెకండరీ తరగతి గదుల్లో 2021 మార్చి 8న పెట్టి, మే 17న తీసేసింది. ఉపాధ్యాయ సంఘాలు తొందరపడుతున్నారని గట్టిగానే అభ్యంతరం చెప్పాయి. కరోనాలో ఒమిక్రాన్ అనే కొత్త రకం వచ్చాక 2022 జనవరి 4న మళ్ళీ పెట్టి, జనవరి 20న తీసేసింది. మన కేంద్ర ఆరోగ్యశాఖ 2022 జనవరి 20న ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఇదే దారిలో ఉన్నాయి: అయిదేళ్ళలోపు పిల్లలకు వద్దు, ఆరు నుంచి పదకొండేళ్ళ వాళ్ళకు, సరిగ్గా పెట్టుకోగలిగితే, పెద్దల కనుసన్నల్లో, పన్నెండు దాటితే పెద్దలతో సమానం. చిన్నవాళ్ళను వదిలేస్తే మునిగిపోతామా అన్న ప్రశ్నకు స్పెయిన్‌లోని కాటలోనియా కొంత జవాబిచ్చింది. అప్పట్లో అక్కడ మాస్కు ఆరేళ్ళ నుంచి తప్పనిసరిగా ఉండేది. 2021 చివరి నెలల్లో, మాస్కు లేని అయిదేళ్ళ పిల్లల గదులనూ మాస్కు ఉన్న ఆరేళ్ళ పిల్లల గదులనూ పోల్చి చూస్తే, వ్యాప్తిలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

దీనికి ఆశ్చర్యపోనక్కరలేదు. చిన్న పిల్లల మాస్కు ఎలా ఉంటుందో చూసినవాళ్ళకు తెలుసు. పదిన్నరకు ముక్కు కిందికి, పదకొండున్నరకు గడ్డం కిందికి దిగుతుంది. మా వాడు ఒకరోజు ఇంటికి వేరే మాస్కుతో వచ్చాడు. పక్కవాడి మాస్కు మీద ఛోటా భీమ్ బొమ్మ ఉందట, మార్చుకున్నారట. ఇద్దరూ ఒప్పుకునే జరిగిన బేరం కనుక తిట్టడానికి కూడా లేకపోయింది. పైగా మధ్యాహ్న భోజనం గంట కొట్టగానే నలభై మందీ మాస్కులు జేబుల్లో కుక్కుకుని వరండాలో మోకాలికి మోకాలు ఆనించి కూర్చుంటారు. సాయంత్రం ఒకే ఆటోలో పదిమంది ఇళ్ళకు వెళతారు. గదిలో మాత్రం ముక్కు మీద గుడ్డ జారిందని కేకలు.

మా ఇద్దరి తగవులో చాలాకాలం రాని సంగతులు రెండున్నాయి: టీచరు ముఖం, గది కిటికీ. అమెరికాలోని జార్జియాలో 2020 నవంబరు, డిసెంబరు నెలల్లో 169 ప్రాథమిక బడులను పరిశీలించారు. టీచర్లకూ సిబ్బందికీ మాస్కు తప్పనిసరి చేసిన చోట కేసులు 37 శాతం తక్కువ. గాలి ఆడే ఏర్పాటు మెరుగుపరిచిన చోట 39 శాతం తక్కువ. పిల్లలకు తప్పనిసరి చేసిన చోట కూడా తక్కువే కానీ, ఆ తేడా గట్టిగా నిలబడేంత కాదు. ఇంకొకటి కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీ సంగతి. 2021 మేలో టీకా వేయించుకోని ఒక టీచరు ఒంట్లో నలతగా ఉన్నా రెండు రోజులు బడికి వచ్చారు. పిల్లలకు బిగ్గరగా చదివి వినిపించేటప్పుడు మాస్కు తీశారు. కిటికీలు తెరిచే ఉన్నాయి, పిల్లలు మాస్కులు పెట్టుకునే ఉన్నారు. అయినా 24 మందిలో 12 మందికి సోకింది. ముందు రెండు వరసల్లో కూర్చున్న పదిమందిలో ఎనిమిది మంది, వెనక కూర్చున్న పద్నాలుగు మందిలో నలుగురు.

ఇది చదివి వినిపిస్తే వదిన చాలాసేపు మాట్లాడలేదు. ఎందుకంటే ఆ టీచరు మాస్కు తీసింది ప వర్గం లాంటి అవసరం కోసమే.

కాబట్టి మళ్ళీ ఇలాంటి రోజులు వస్తే నా ఓటు ఇలా ఉంటుంది. మొదటి బాధ్యత పెద్దవాళ్ళది: టీకా, మాస్కు, నలతగా ఉంటే సెలవు. సెలవు అడిగితే జీతం కోసే ప్రైవేటు బడి మాస్కుల గురించి ఎన్ని బోర్డులు పెట్టినా దండగ. తర్వాత కిటికీలు. ఇక్కడ ఊరి బడి గెలుస్తుంది; నాలుగు వైపులా గాలి, ముందు వరండా, కాస్త అదృష్టముంటే వేపచెట్టు. నెలనెలా వేలు పోసి చదివించే ఏసీ గదుల్లో తలుపులు, కిటికీలు బిగించి ఉంటాయి. అక్కడ మాస్కు గురించి తల్లిదండ్రులు గట్టిగా అడగవలసింది నిజానికి ఎక్కువ. హైస్కూలు పిల్లలకు కేసులు పెరిగే వారాల్లో తప్పనిసరి చేయవచ్చు, తీసేసే తేదీ సర్క్యులర్‌లోనే రాసి. తేదీ లేని నిబంధనను తల్లిదండ్రులు నమ్మరు, తేదీ ఉన్నదాన్ని గొణుక్కుంటూనైనా పాటిస్తారు. రెండో తరగతి లోపు పిల్లలను వదిలేయాలి. గదిలో జబ్బు ముదిరిన బిడ్డ ఒకరుంటే మాత్రం ఆ గది లెక్క వేరు, అక్కడ నా ఇష్టం చెల్లదు.

వదిన ఇందులో చాలావరకు ఒప్పుకుంది. అలాంటి రోజులు వస్తే తను పాటించే పద్ధతి కూడా చెప్పింది: గదిలో తను మాస్కు తీయదు, ప వర్గం వచ్చిన రోజున పిల్లలను బయట చెట్టు కింద కూర్చోబెట్టి, తను ఆరడుగుల దూరంలో నిలబడి మాస్కు తీసి చెబుతుంది. మూడు, నాలుగు, అయిదు తరగతుల సంగతే మా మధ్య తేలలేదు. ఎనిమిదేళ్ళ వాడికి చెబితే వింటాడని ఆవిడ అంటుంది. ఛోటా భీమ్ మాస్కు ఇప్పటికీ మా బీరువాలోనే ఉందని నేనంటాను.