డ్రయ్యర్ హెచ్ఎంఐకి డిస్‌ప్లే మాత్రమే మార్చాం, రెండు దాళ్వాలు (రబీ వరి సీజన్లు) నడిచాక రివ్యూ

మాది మండపేట దగ్గర బాయిల్డ్ రైస్ మిల్లండి, ఎలక్ట్రికల్ పనంతా నేనే చూస్తాను. ధాన్యం ఆరబెట్టే డ్రయ్యర్ కంట్రోల్ బోర్డు మీద 10.4 అంగుళాల టచ్‌స్క్రీన్ హెచ్ఎంఐ (మెషిన్‌ని చూస్తూ నడిపే స్క్రీన్ యూనిట్) ఉంది, పాత మోడల్, ఇప్పుడు తయారు చేయట్లేదు. దానికి డిస్‌ప్లే పోతే సర్వీస్ వాళ్ళు మొత్తం యూనిట్ మార్చాలన్నారు, కొత్త మోడల్ కాబట్టి స్క్రీన్లన్నీ మళ్ళీ చేయాలన్నారు, కొటేషన్ చూసి ఓనరు గారు నోరెళ్ళబెట్టారు. లోపల బోర్డు బంగారంలా పనిచేస్తుంటే దాన్ని పాత సామాన్లలో పడేయడం నాకు అస్సలు నచ్చలేదు. ఎల్‌సీడీ ప్యానెల్, టచ్ గ్లాసు మాత్రం తెప్పించి మార్చుకున్నాం, కొటేషన్‌లో అయిదో వంతు కూడా అవ్వలేదు.

మొదట్లో స్క్రీన్ మసకబారి, ఆన్ చేసిన కాసేపటికి ఎర్రగా కనపడి, చివరికి నల్లగా అయిపోయింది. నైట్ షిఫ్ట్ కుర్రాడు సెల్‌ఫోన్ టార్చి ఏటవాలుగా కొట్టి చూస్తే టెంపరేచర్ అంకెలు లీలగా కనపడేవి, ఆ అంకెలు కదులుతున్నాయి కూడా. అంటే ఎల్‌సీడీ బాగానే ఉంది, వెనక లైటు పోయిందని అర్థం. పాతవాటిలో సన్న ట్యూబు లాంటి సీసీఎఫ్ఎల్ ల్యాంపు ఉంటుంది, దానికి హై వోల్టేజ్ ఇచ్చే ఇన్వర్టర్ వేరే ఉంటుంది, ఈ రెండిట్లో ఏది పోయినా స్క్రీన్ చీకటే. ఇంకోటి, స్క్రీన్ పోయినంత మాత్రాన డ్రయ్యర్ ఆగదండి, లాజిక్ అంతా పీఎల్‌సీలో (మెషిన్‌ని నడిపే వేరే కంట్రోలర్‌లో) నడుస్తుంది, కానీ సెట్ పాయింట్ (ఎంత టెంపరేచర్ ఉండాలో పెట్టే అంకె) మార్చలేం, ఏ అలారం వచ్చిందో తెలీదు, తడి ధాన్యం లోపల ఉన్నప్పుడు అది చాలా టెన్షన్.

ప్యానెల్ కొనేటప్పుడు హెచ్ఎంఐ యూనిట్ మీద స్టిక్కర్ నంబరు కాదు, విప్పి ఎల్‌సీడీ వీపు మీద ఉన్న నంబరు చూడాలి, చివరి అక్షరంతో సహా. మాకు మొదట పంపిన పీసు నంబరు ఒకటే, చివరి అక్షరం వేరు, బ్యాక్‌లైట్ కనెక్టరు కలవలేదు, ఫోటోలు పెట్టి గట్టిగా మాట్లాడితే గానీ మార్చలేదు. తర్వాత ఎల్ఈడీ బ్యాక్‌లైట్ ఉన్నది తీసుకున్నాం, దానికి పాత ఇన్వర్టర్ పనికిరాదు, ఎల్ఈడీలకి కరెంటు ఇచ్చే డ్రైవర్ బోర్డు వేరే పెట్టాలి. టెంపరేచర్ రేటింగ్ కూడా తప్పకుండా అడగండి, మామూలు ప్యానెళ్ళు చాలావాటికి 50 డిగ్రీల వరకే ఉంటుంది, ఇండస్ట్రియల్‌వి 70 వరకు వస్తాయి. మే నెలలో డ్రయ్యర్ పక్కన మూసిన బాక్సులో 50 దాటడం పెద్ద విషయం కాదు.

మార్చే పని కష్టం కాదు గానీ నిదానం కావాలి. ముందు ప్రోగ్రాం బ్యాకప్ తీసుకోవాలి, కొన్ని పాత యూనిట్లలో మెమరీ బ్యాటరీ మీద బతుకుతుంది. 24 వోల్టుల సప్లై ఆపి కాసేపు వదిలేసి అప్పుడు విప్పండి. టచ్ నుంచి వచ్చే పల్చటి రిబ్బన్ కేబుల్‌ని లాగకూడదు, కనెక్టరు లాచీని గోటితో మెల్లగా లేపితే అదే వచ్చేస్తుంది. మిల్లులో మాత్రం విప్పొద్దు, ఊక దుమ్ము ఒక్క నలుసు గ్లాసుకీ ఎల్‌సీడీకీ మధ్య చేరితే ఇక రోజూ అదే కనపడుతుంది, మేం ఆఫీసు రూములో ఫ్యాను ఆపేసి చేశాం. ముందు వైపు రబ్బరు గ్యాస్కెట్ కూడా కొత్తది వేయాల్సిందే, పాతది అణిగిపోయి బల్లపరుపుగా ఉంటుంది, మన డెల్టా తేమకి అది చాలదు. చివర్లో టచ్ క్యాలిబ్రేషన్ (నొక్కిన చోటే టచ్ పడేలా సరిచేయడం) చేస్తే పని అయిపోతుంది.

ఇప్పుడు వాడకం సంగతి. వెలుతురు కొత్తలో ఉన్నట్టే ఉంది, రంగులు పాతదానికంటే కొంచెం నీలంగా ఉన్నా ఎరుపు అలారం, పసుపు వార్నింగ్ తేడా దూరం నుంచే తెలుస్తోంది. కింద నుంచి చూస్తే మాత్రం రంగులు తిరగబడతాయి, మా బోర్డు కాస్త ఎత్తులో ఉంది కాబట్టి పొట్టివాళ్ళకి ఇబ్బందే, ఇదొక్కటే నాకు నచ్చని విషయం. ఎవరూ ముట్టుకోనప్పుడు బ్యాక్‌లైట్ ఆరిపోయేలా సెట్టింగ్ పెట్టాను, దానివల్ల ఎల్ఈడీ ఎక్కువ కాలం వస్తుంది. టచ్ రెసిస్టివ్ రకం (ఒత్తిడితో పనిచేసేది) కాబట్టి గ్లవ్స్‌తో నొక్కినా పనిచేస్తుంది గానీ రోజూ నొక్కే అలారం రీసెట్ బటన్ దగ్గర పైపొర అరగడం మొదలైంది, పెన్ను మొనతో పొడిచే అలవాటు మానమని అందరికీ చెప్పి పైన పల్చటి ప్రొటెక్షన్ షీటు అంటించాను. మొన్న సార్వా (ఖరీఫ్ సీజన్) ముందు మళ్ళీ క్యాలిబ్రేట్ చేస్తే గురి సరిగ్గా వచ్చింది.

స్క్రీన్ మీద నిలువు గీతలు వచ్చినా, గ్లాసు పగిలినా ఇదే దారి. తెల్లగా వెలుగుతూ బొమ్మ రాకపోతే మాత్రం ప్యానెల్ కొనకముందు వీడియో కేబులు తీసి మళ్ళీ గట్టిగా పెట్టి చూడండి. బాయిలర్ దగ్గర హెచ్ఎంఐ కూడా ఇదే మోడల్ కాబట్టి ఇంకో ప్యానెల్ తెప్పించి సిలికా జెల్ వేసి యాంటీ స్టాటిక్ కవర్లో ఉంచాం, సీజన్ మధ్యలో పోతే తెప్పించుకునేదాకా ఆగే టైము మనకి ఉండదు.