అడిగి తీసుకున్న ఫోనుతో మనసు చదవడం: ఈ యాప్ చాలాకాలం వాడాక

మనసు చదివే మ్యాజిక్ ట్రిక్కు కోసం నేను వాడే ఈ యాప్‌లో నాకు నచ్చింది ఒక్కటే, కానీ అది చాలా నచ్చింది. ఎదుటివాళ్ల ఫోనులో ఏదీ ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు. బ్రౌజర్ ఉంటే చాలు, ఎవరి ఫోనైనా పనికొస్తుంది. మనసులో అనుకున్నదాన్ని వాళ్లే తమ ఫోనులో వెతుకుతారు. మనం దూరంగా నిలబడి అదేంటో చెప్తాం. వాళ్లు వెతికింది మన ఫోనులో కనపడుతుంది, అది ఎలాగో మాత్రం ఇక్కడ రాయను. అది అందరికీ తెలిస్తే మనలాంటివాళ్ల ఆట చెడిపోతుంది. రెండు ఫోన్లకూ నెట్ ఉండాలి, వాళ్ల ఫోను కాసేపు మన చేతికి రావాలి. కొనబోయేవాళ్లకు ఈ రెండూ తెలిస్తే చాలు.

సొంత ఫోనుతో ఎంత గొప్ప ట్రిక్కు చేసినా "అందులో ఏదో పెట్టుకోనుంటావులే" అనేస్తారు. వాళ్ల ఫోనుతో చేస్తే ఆ మాట రాదు. నెల్లూరు ట్రంకు రోడ్డు మీద టీ కొట్టు దగ్గర మొదటిసారి చేసినప్పుడు మా ఫ్రెండొకడు తన ఫోనుకు వెనక కవరు కూడా ఊడదీసి చూశాడు. పెద్దవాళ్లు పట్టాభిరాం గారి హిప్నోటిజం గుర్తు చేసుకుంటారు, కాలేజీ పిల్లలు మనసు చదివే ట్రిక్కులు చేసే సుహానీ షా వీడియోల గురించి అడుగుతారు. ఇద్దరికీ ఒకే ట్రిక్కు సరిపోతోంది.

అంతకుముందు నేను ఐఫోన్ కాలిక్యులేటర్‌తో చేసే ఒక ట్రిక్కు మీద ఆధారపడేవాణ్ని. 2024లో ఐఓఎస్ 18 అప్‌డేట్‌తో ఆ కాలిక్యులేటర్ మారింది. నొక్కిన లెక్కంతా తెర మీద కనపడుతుంది, పాత లెక్కలు హిస్టరీలో ఉంటాయి. వాడేవాళ్లకు అది మంచిదే, కానీ నా ట్రిక్కు అక్కడితో పోయింది. అయినా మా చుట్టాల్లో ఐఫోన్ ఉన్నవాళ్లు ఎందరని!

అసలు చెప్పాల్సింది సంక్రాంతికి జరిగింది. కావలి దగ్గర మా పెదనాయన వాళ్ల ఊళ్లో అందరం చేరాం. భోజనాలయ్యాక పిల్లలు ఫోను మ్యాజిక్ చెయ్యమని పట్టుకున్నారు. నేను పెదనాయన ఫోను అడిగాను. "నీకు బాగా ఇష్టమైంది, ఇక్కడ ఎవరికీ తెలియనిది ఒకటి అనుకో పెదనాయనా, అనుకుని ఇందులో వెతుకు" అని ఫోను ఆయన చేతికిచ్చాను. ఆయన టైపు చెయ్యరు. నేరుగా కీబోర్డు మీద మైకు నొక్కి నోరు తెరిచారు.

ఈ యాప్ తయారుచేసినవాళ్లు ఇది అసలు ఆలోచించినట్టు లేదు. మన ఊళ్లలో సగంమంది ఫోనుతో మాట్లాడతారు, అక్షరాలు కొట్టరు. అందరి ముందూ గట్టిగా చెప్పేస్తే ఇక మనసు చదివేదేముంది? గబగబా ఆపి, వసారాలోకి వెళ్లి మెల్లగా చెప్పమన్నాను. ఆయన వెళ్లారు. కాసేపటికి చిరాగ్గా తిరిగొచ్చారు.

"ఏందిరా ఇది, నేనొకటి చెప్తే ఇదొకటి రాస్తుండాదే!"

నా ఫోనులో ఇంగ్లీషు అక్షరాల్లో 'మై లా గిఫ్ట్' అని ఉంది. ఆయన కీబోర్డు మైకు ఇంగ్లీషులో పెట్టి ఉంది. తెలుగులో చెప్పినదాన్ని దానికి తోచినట్టు రాసుకుంది. గిఫ్టు అని చెప్పేద్దామా అనుకున్నాను. కానీ ఆయన మాట బట్టి అది కాదని తెలుస్తూనే ఉంది. పిల్లలు చూస్తున్నారు, నాకు టెన్షన్. కళ్లు మూసుకుని ఆ ముక్కల్ని కలిపి, విడదీసి, మళ్లీ కలిపి లోపలే పలుక్కున్నాను. మై లా గిఫ్ట్. మైలా గిఫ్టు. మైల గి... కళ్లు తెరిస్తే ఎదురుగా పాత కొట్టం కనిపించింది. ఇప్పుడందులో బండ్లు పెడుతున్నారు గానీ ఒకప్పుడు అక్కడ పశువులుండేవి.

"అది మనిషి కాదు పెదనాయనా. వస్తువూ కాదు. అదుగో, ఆ కొట్టంలో ఉండేది." ఇంకొంచెం ఆగాను. "మైలగిత్త."

ఆయన కుర్చీలో కూర్చుండిపోయారు. తర్వాత ఒక గంటసేపు ఆ గిత్త గురించే చెప్పారు. చిన్నప్పుడు వాళ్ల నాయన ఒంగోలు వైపు నుంచి తోలుకొచ్చాడట. చెరువులో దాన్ని కడిగే పని ఈయనదే. ఇంట్లో ఏదో అవసరం వచ్చి అమ్మేస్తే రెండు పూటలు అన్నం ముట్టలేదట. "పెళ్లయినకాడినుంచి ఈ మాట నాక్కూడా చెప్పలా" అంది పెద్దమ్మ. పిల్లలు మ్యాజిక్ సంగతి మర్చిపోయి ఆ కథ విన్నారు.

యాప్ సరిగ్గా 'మైలగిత్త' అని చూపించి ఉంటే నేను వెంటనే చెప్పేసేవాణ్ని, "ఫోనులో చూసుంటాడు" అనుకునేవాళ్లు. తడుముకోవడం వల్లే నమ్మారు. పైగా ఫోను తప్పు రాసిందని పెదనాయనే అందరి ముందూ అన్నారు కాబట్టి, ఫోను నుంచి నాకు తెలిసి ఉంటుందని ఎవరికీ అనుమానం రాలేదు. ఆ రోజు నుంచి ఎక్కడ చేసినా, జవాబు తెలిసినా, ఒక్కో ముక్కగానే చెప్తున్నాను. ముందు ఊరా మనిషా అని, తర్వాత మొదటి అక్షరం, ఆ తర్వాత మిగతాది.

అయితే అదే సాయంత్రం మా పిన్ని చెప్పినదాన్ని ఆమె ఫోను ఏం రాసిందో ఎంత పలికి చూసినా నాకు అర్థం కాలేదు. దాన్ని వదిలేసి 1089 లెక్క చేశాను. మూడంకెల సంఖ్య అనుకోమని, తిరగేసి పెద్దదాంట్లోంచి చిన్నది తీసేయమని, వచ్చినదాన్ని తిరగేసి కలపమంటే 1089 వస్తుంది. మొదటి అంకెకూ చివరి అంకెకూ తేడా కనీసం రెండుండాలి, అంతే. ఇది లెక్కల మాస్టార్లు చెప్పేదే, రహస్యం కాదు. దీనికి నెట్ అక్కర్లేదు, ఏ ఫోను కాలిక్యులేటరైనా సరిపోతుంది. పెంచలకోనలో మేం కూర్చున్నచోట సిగ్నల్ లేక ఈ యాప్ తెరుచుకోనే లేదు. అక్కడ కూడా నన్ను ఈ లెక్కే ఆదుకుంది.

ఎవరి ఫోనైనా పనికొస్తుందని పైన రాశాను. ఫోను ఇచ్చేవాళ్లుంటేనే అది. కొన్నేళ్ల కింద అడగ్గానే ఇచ్చేవాళ్లు. ఇప్పుడు పెళ్లి పత్రిక పేరుతో వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్లు (నొక్కితే దొంగ యాప్ ఇన్‌స్టాల్ అయ్యేవి) వచ్చి ఖాతాలు ఖాళీ అవుతుంటే, తెలియనివాడి చేతికి ఫోను ఇవ్వడానికి భయపడుతున్నారు. ఆ భయం సరైనదే. అందుకే నేను బ్రౌజర్ వాళ్లనే తెరవమంటాను, వాళ్లు చూస్తుండగానే ఫోను పట్టుకుంటాను, వెనక్కి తిప్పను. ఇష్టం లేదంటే రెండోసారి అడగను. కుర్రాళ్లు "అయితే నా ఏటీఎం పిన్ చెప్పు చూద్దాం" అంటారు. ఎంత బతిమాలినా అది మాత్రం చెయ్యను. మీరూ చెయ్యొద్దు. ఒకసారి పిన్ బ్రౌజర్‌లో ఈ యాప్ పేజీలో కొట్టాక అది మన ఫోనుకూ వస్తుంది, రేపు వాళ్ల డబ్బు ఎక్కడ పోయినా మొదట గుర్తొచ్చేది మనమే. ఎవరైనా నిజంగా మోసపోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యమని కూడా చెప్తుంటాను.

నేను డబ్బుకు షోలు చెయ్యను, చుట్టాల్లో, ఆఫీసులో సరదాకి చేస్తాను. కాబట్టి నా వరకు యాప్‌కి పెట్టిన డబ్బు వచ్చేసినట్టే. స్టేజీ మీద తెలియని జనం ముందు చేసేవాళ్లు, ఆ హాల్లో సిగ్నల్ చూసుకోకుండా దీన్ని నమ్ముకుంటే ఇబ్బంది పడతారు. పల్లెల్లో పెద్దవాళ్లతో చేసేపనైతే కీబోర్డు మైకు తెలుగులో ఉందో ఇంగ్లీషులో ఉందో ముందే చూడండి. తెలుగులోకి మార్చాలా వద్దా అన్నది నేనింకా తేల్చుకోలేదు.