డిసెంబరు 11న పెద్దమ్మతో రాజమండ్రిలో

మా పెద్దమ్మకు పందొమ్మిదో ఏట భర్త పోయాడు. మళ్ళీ పెళ్ళి మాటే ఎవరూ ఎత్తలేదు. ఇప్పుడు ఆవిడకి 76. "వీరేశలింగం గారి ఇల్లు ఒక్కసారి చూపించవే" అని మూడేళ్ళుగా అడుగుతోంది. 1881లో ఆయన మొదటి వితంతు వివాహం జరిపించిన రోజు డిసెంబరు 11. ఆ రోజుకే అక్కడ ఉండాలని ముందు రోజు సాయంత్రం భీమవరం నుంచి బయల్దేరాం.

బస్టాండుకి దగ్గరని గది బుక్ చేశాను. లిఫ్టు ఉందని రాశారు, తీరా వెళ్తే పనిచెయ్యడం లేదు. గది రెండో అంతస్తులో! మోకాళ్ళ నొప్పుల మనిషిని గంటసేపు కింద కూర్చోబెట్టి, చివరికి కింది గది ఇచ్చారు. శుభ్రంగానే ఉంది, తెల్లవారుజామునే వేడినీళ్ళు వచ్చాయి. అయినా పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు ముందే ఫోన్ చేసి లిఫ్టు సంగతి కనుక్కోండి.

పొద్దున్నే పుష్కర ఘాట్‌లో కాళ్ళు తడుపుకుని, ఆటోలో ఆ ఇంటికి వెళ్ళాం. నాకు ఈ ప్రయాణమంతా ఆ ఇల్లే. వితంతు వివాహాన్ని ఒప్పుకుంటూ చట్టం 1856లోనే వచ్చింది. పాతికేళ్ళ తర్వాత కూడా ఆ పెళ్ళి చేసినవాళ్ళని ఊరు వెలివేసింది. పనివాళ్ళు రాకపోతే ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారే గోదావరి నుంచి నీళ్ళు మోసుకొచ్చి వంట చేశారు. కాకినాడ పైడా రామకృష్ణయ్యగారు డబ్బుతో ఆదుకున్నారు. ఇదంతా చెబుతుంటే పెద్దమ్మ మధ్యలో ఆపింది.

"ఆ పిల్ల పేరేంటే?"

"గౌరమ్మ. పెళ్ళికొడుకు గోగులపాటి శ్రీరాములు."

"గౌరమ్మ" అని రెండుసార్లు అనుకుంది. చాలాసేపు గోడకి చెయ్యి ఆన్చి నిలబడింది. నేనూ తొందరపెట్టలేదు.

అక్కణ్ణించి ధవళేశ్వరం. కాటన్ మ్యూజియంలో 1847లో మొదలై 1852కి పూర్తయిన ఆనకట్ట నమూనాలున్నాయి. పిల్లలతో వెళ్తే తప్పకుండా చూపించండి, మన చేలకు నీళ్ళెలా వచ్చాయో కళ్ళకు కడుతుంది. కానీ 1874లో వీరేశలింగం గారు ఆడపిల్లల బడి పెట్టింది కూడా ఈ ఊళ్ళోనే. ధవళేశ్వరం అంటే కాటన్ పేరు చెప్పేవాళ్ళందరూ ఆ బడి సంగతి కూడా చెప్పాలని నా కోరిక.

బ్యారేజీ దాటి ఆత్రేయపురం మీదుగా వచ్చాం. దారిలో బెల్లం పూతరేకులు కొన్నాం, నెయ్యి బాగా వేశారు. భీమవరం చేరేసరికి చీకటి పడింది. 2022 జులై 4న అల్లూరి 125వ జయంతి వేడుకల్లో ఆవిష్కరించిన 30 అడుగుల కంచు విగ్రహం దగ్గర కారు ఆపమంది పెద్దమ్మ, దిగి దణ్ణం పెట్టుకుంది. తర్వాత కార్లో కూర్చుని, "గౌరమ్మకి ఎక్కడైనా బొమ్మ పెట్టారా?" అని అడిగింది. నేను ఎక్కడా చూడలేదని చెప్పాను.

మే 27 వీరేశలింగం గారి వర్ధంతి, అప్పుడూ వెళ్దామంటోంది. ఆ ఎండల్లో వద్దని, వచ్చే డిసెంబరుకే మాటిచ్చాను. ఈసారి మా అమ్మాయిని కూడా తీసుకెళ్తాం.