బరంపురంలో లేయర్స్ కట్: కత్తెరకి వంద మార్కులు, కర్లింగ్ రాడ్‌కి పాస్ మార్కులు కూడా రావు

పార్లర్ పేరు మాత్రం అడక్కండి, సగం పొగడ్త సగం తిట్టు కాబట్టి రాయను.

నా జుట్టు పొడవే గానీ పల్చన. తలస్నానం చేసిన రోజు కాస్త జుట్టులా కనబడుతుంది, మర్నాటికి నెత్తికి అతుక్కుపోతుంది. ఇచ్ఛాపురంలో పిన్ని కూతురి పెళ్లి, అందుకని ఒత్తుగా కనబడేలా లేయర్స్, అంటే మెట్లు మెట్లుగా కటింగ్, కొట్టించి వేవ్స్, అంటే అలల్లాంటి వంపులు, పెట్టించుకుందామని వెళ్లాను. ఫోన్‌లో బటర్‌ఫ్లై కట్ ఫోటో చూపించాను, అదేనండీ, ముందు గడ్డం దాకా పొట్టిగా, వెనక పొడవు పొడవుగానే ఉండేది. కట్ చేసే అమ్మాయిది ఒడియా, తెలుగు మాత్రం మనకంటే గడగడా మాట్లాడుతుంది. ఫోటో చూసి, "నానీ, నువ్వు జడ వేసుకుంటావా?" అంది. నానీ అంటే ఇక్కడ అక్క.

ఆ ఒక్క ప్రశ్నకే నా డబ్బులు గిట్టుబాటయ్యాయి. గడ్డం దగ్గర కత్తిరించిన పాయ జడలో ఇమడదు, చెవి పక్క నుంచి పొడుచుకొచ్చేస్తుంది, నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరిగే జుట్టు మళ్లీ భుజం దాకా రావాలంటే ఏడాది పైమాటే. అందుకని అన్నిటికంటే పొట్టి లేయర్‌ని భుజం దగ్గర పెట్టింది. పల్చటి జుట్టుకి లేయర్లు ఎక్కువైతే చివర ఎలక తోకే మిగులుతుందని వెనక రెండే వేసింది. పైగా నా జుట్టుకి కొంచెం వంపు ఉంది, తడి మీద సాగి ఆరాక పైకి పోతుందని ముందు ఆరబెట్టి, అప్పుడు పట్టింది కత్తెర. పాయని పైకెత్తి, కత్తెర నిలువుగా పట్టుకుని చివర్లలోకి చిన్నచిన్నగా పొడుస్తూ పోయింది, అడ్డంగా ఒక్క గీత కూడా పడలేదు. దువ్వగానే నెత్తి దగ్గర జుట్టు లేచి నిలబడింది, నాది కాదేమో అనిపించింది.

ఇక వేవ్స్. అది ఇంకొకావిడ పని. సన్నటి రాడ్ తీసుకుని చకచకా చుట్టడం, తియ్యడం, వేడి మీద ఉండగానే దువ్వెన పెట్టి దువ్వెయ్యడం, పైన స్ప్రే కొట్టడం. అద్దంలో అదిరిపోయింది. ఇచ్ఛాపురంలో ఆటో దిగేసరికి మళ్లీ తిన్నగా వేలాడుతోంది. వేడికి జుట్టు లోపలి బంధాలు కొన్ని విడిపోయి, చల్లారేటప్పుడు కొత్త వంపులో బిగుసుకుంటాయి, చల్లారకముందే దువ్వితే ఇంకేం బిగుస్తుంది? పైగా గోపాల్‌పూర్ సముద్రం పక్కనే, గాలిలో తేమకి ఆ బంధాలు మళ్లీ సడలిపోతాయి. 900 రూపాయలు హుష్‌కాకి. చివరికి మా అత్తే కూర్చోబెట్టి జడ వేసి కనకాంబరాలు పెట్టింది, ఒక్క వెంట్రుక బయటికి రాలేదు, ఆ ఒడియా పిల్లకి మనసులోనే దండం పెట్టుకున్నాను.

తర్వాత 32 మిల్లీమీటర్ల రాడ్ కొనుక్కుని ఇంట్లోనే నేర్చుకున్నా. జుట్టు ముప్పాతిక ఆరాక కుదుళ్లకి నిమ్మకాయంత మూస్ (జుట్టుకి రాసే నురగ) రాసి, తల కిందికి వంచి డ్రయ్యర్ పెడతాను, ఒత్తుదనం అంతా అక్కడే వస్తుంది. పూర్తిగా ఆరాక (తడి మీద రాడ్ పెడితే జుట్టు కాలుతుంది) వేడి నుంచి జుట్టుని కాపాడే హీట్ ప్రొటెక్టెంట్ స్ప్రే కొట్టి, 160 డిగ్రీల దగ్గర ఒక పాయ అటు, ఒక పాయ ఇటు తిప్పుతూ చుట్టడం, చివర అంగుళం వదిలెయ్యడం. తీసిన చుట్టని చుట్టలాగే క్లిప్ పెట్టి, టీ తాగి వచ్చాక విప్పి, వేళ్లతో విదిలిస్తే చాలు, దువ్వెన ముట్టుకోకండి. ముందు రోజు రాత్రి నూనె పెట్టుకుని తలంటుకుంటే పర్వాలేదు, ఆ రోజు మాత్రం కుదుళ్లకి చుక్క కూడా వద్దు. మా అమ్మకి ఇది అస్సలు నచ్చదు, "నూనె లేని తలేమిటే, దెయ్యంలా" అంటుంది.

కటింగ్ 500. చివర్లు మళ్లీ పల్చబడుతున్నాయి, దసరా రద్దీ మొదలవకముందే ఆ అమ్మాయి ఉన్న రోజు కనుక్కుని వెళ్లాలి.